బడి తెరిచిన మొదటి పది రోజులు: ముందు పేర్లు, తర్వాతే పాఠాలు

డీఎస్సీలో కొత్తగా ఉద్యోగం వచ్చిందనీ, జూన్ 12న బడి తెరవగానే ఆరో తరగతికి క్లాస్ టీచర్‌గా వెళ్తున్నాననీ రాశారు. పిల్లలకు ఎలా దగ్గరవ్వాలి, ‘ఇది మా బడి’ అన్న అభిమానం వాళ్లలో ఎలా కలుగుతుంది అని అడిగారు. నేను నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 19 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆరో తరగతి అనగానే నాకు ఒక పిల్ల గుర్తొస్తుంది. ఆమె సంగతి చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు చెప్పినట్టే.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. హాజరు పిలుస్తుంటే ఒక పేరుకు వరసగా మూడు రోజులు ఎవరూ పలకలేదు. మూడు రోజులూ ఆబ్సెంట్ వేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం వంట చేసే అక్క వచ్చి, “సార్, మీరు రాసిచ్చే లెక్కకు రోజూ ఒక పళ్లెం ఎక్కువ పోతుంది” అంది. తరగతికి వెళ్లి తలలు లెక్కపెట్టాను. కిటికీ పక్కన మూడో వరసలో, సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. తండా బడిలో అయిదు చదివి వచ్చింది. ఇంట్లోనూ ఆ చిన్న బడిలోనూ అందరూ బుజ్జి అనే పిలిచేవాళ్లట. రిజిస్టర్లో ఉన్న పేరు తనదేనని తెలిసినా, అంతమంది మధ్య లేచి పలకడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. పక్క పిల్ల చెప్పింది: “సార్, ఈమె రోజూ వస్తది సార్, ఈడనే కూసుంటది.” నా కళ్లెదుటే కూర్చున్న పిల్లను మూడు రోజులు రాలేదని రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పటి నుంచి మొదటి వారం నేను పుస్తకం తెరవను. ఒక నోటుబుక్కులో ప్రతి పిల్లకూ ఒక పేజీ. రిజిస్టర్లో పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఏ ఊరు, ఎలా వస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఎవరితో కలిసి నడుస్తారు. ఇవన్నీ ఒకేసారి నిలబెట్టి అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. ఆటలో, భోజనాల దగ్గర, గేటు దగ్గర అవే తెలుస్తాయి. హాజరు పిలిచేటప్పుడు పుస్తకంలోకి చూడకుండా పిల్లల ముఖం చూసి పిలవండి. వాళ్ల ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది.

మధ్యాహ్నం వాళ్లతోనే కూర్చుని తినండి. రోజుకో వరసలో కూర్చోండి. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి పిల్లలతోనే తింటున్నారా, తండా పిల్లలు విడిగా చెట్టు కిందకు పోతున్నారా, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు? తరగతి గదిలో ఏడాదికి కూడా తెలియనిది అక్కడ రెండు రోజుల్లో తెలుస్తుంది. కనిపించినప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. మీ పళ్లెం తీసుకెళ్లి ఆ ఒంటరి పిల్ల పక్కన కూర్చోండి, మిగతా పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

ప్రతి కొత్త పిల్లకూ పదో తరగతి నుంచి ఒక అక్కనో అన్ననో నెల రోజులు తోడు పెట్టండి. కుదిరితే అదే దారిలో నడిచేవాళ్లను. మంచినీళ్ల కుళాయి ఎక్కడ, పళ్లెం ఎక్కడ కడగాలి, బాత్రూం గడియ పడకపోతే ఏం చేయాలి అన్నవి అక్క చెబితేనే పిల్లకు ధైర్యం. మొదటి రోజుల్లో ఆడపిల్లలు నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఉండటం నేను చూశాను. కారణం అడిగితే చెప్పరు. దీన్ని చిన్న విషయం అనుకోకండి.

ఇక బడి మీద అభిమానం. పిల్లలను జట్లుగా విడదీసే రంగురంగుల హౌసులు, పోటీలు మంచివే, కానీ మొదటి వారానికే వద్దు. ముందు ప్రతి పిల్లకూ ఒక పని ఉండాలి, తను రాకపోతే ఆగిపోయే పని. బుజ్జికి గంట కొట్టే పని ఇచ్చాను. జూన్‌లో మా వైపు పత్తి గింజలు పెట్టే రోజులు. వాన పడగానే పిల్లలు చేలకు పోతారు. బుజ్జి కూడా రెండు రోజులు పోయింది. మూడో రోజు గేటు దాటి లోపలికి వస్తుంటే ఎనిమిదో తరగతి పిల్లలు సైతం “గంట మాకు సరిగ్గ కొట్టరావట్లే, ఎటు పోయినవ్?” అని అడిగారు. తిడతారేమోనని తల వంచుకుని వచ్చిన పిల్ల తల ఎత్తి నవ్వింది. మీరూ అంతే, చేలకు పోయి వచ్చిన పిల్లను మొదటి మాటగా “ఎందుకు రాలేదు” అని గద్దించకండి. పోయిన పాఠం పక్క పిల్లతో చెప్పించండి. ఎక్కువ రోజులైతే సాయంత్రం ఇంటికి వెళ్లి రండి.

మా పిల్లలకు మొదటి శనివారం తప్పకుండా ఒక సంగతి చెబుతాను. రోజూ ప్రార్థనలో చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మన జిల్లా అన్నెపర్తిలో పుట్టారు. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో రాశారు. దేశమంతా పిల్లలు చెప్పే మాటలు మన పక్క ఊరాయన రాశాడా అని కళ్లు పెద్దవి చేసుకుంటారు. సోమవారం నుంచి ప్రతిజ్ఞ చెప్పించే పని ఆరో తరగతికే ఇస్తాను, రోజుకొకరు. మీ ఊరి చుట్టుపక్కల కూడా ఇలాంటి సంగతి ఏదో ఒకటి దొరుకుతుంది, పెద్దవాళ్లను అడగండి.

12వ తేదీ లోపే మీకు పిల్లలను పంపే ప్రాథమిక బడుల టీచర్లకు ఫోన్ చేయండి. మార్కులు అడగొద్దు. ఏ పిల్లను ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి రాసుకోండి.