కంప్యూటర్ సందేహాలు: ‘విండోస్ 11 వేసి ఇస్తాం’ అన్న మాట ఒక్కటే చాలదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్త విండోస్ గురించే. సగం ఇబ్బందులు విండోస్ 11 తెచ్చినవి. మిగతా సగం, కొనేటప్పుడు అడగాల్సిన నాలుగు మాటలు అడక్కపోవడం వల్ల వచ్చినవి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుకని గవర్నర్‌పేటలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకున్నాం. ‘ఐ5, 8 జీబీ ర్యామ్, 256 ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 వేసి ఇస్తున్నాం’ అన్నారు. ఇప్పుడు సెట్టింగ్స్ తెరిస్తే ‘సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ నాట్ మెట్’ అని వస్తోంది. విండోస్ 11 నడుస్తూనే ఉంది కదా, మరి ఇదేమిటి? – ఒక గృహిణి, పటమట, విజయవాడ

నడవడం వేరమ్మా, అర్హత ఉండడం వేరు. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉంటే సరిపోదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్‌కి వీలిచ్చే యూఈఎఫ్‌ఐ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్, పాత బయోస్‌కి బదులు వచ్చింది), మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కూడా కావాలి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ వాళ్ల రైజెన్‌లో ల్యాప్‌టాప్ చిప్‌లైతే 3000 సిరీస్ నుంచి ఆ జాబితాలో ఉంటాయి. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు మార్కెట్లోకి కుప్పలుగా వస్తాయి, వాటిలో 6వ, 7వ తరం మెషీన్లు చాలా ఉంటాయి. విండోస్ పెన్‌డ్రైవ్ తయారు చేసే రూఫస్ లాంటి టూల్‌లో ఈ తనిఖీలను తీసేసే ఆప్షన్ ఉంది. దానికి టిక్కు పెట్టి 11 ఎక్కించేస్తారు. మీకు ఇచ్చింది బహుశా అలాంటిదే.

‘ఐ5’ అన్న మాట తరాన్ని చెప్పదు. 2011లోనూ ఐ5 ఉంది, 2021లోనూ ఐ5 ఉంది. చూడాల్సింది దాని పక్కన ఉండే నంబరు. ఐ5-6300యూ అంటే 6వ తరం, ఐ5-8250యూ అంటే 8వ తరం. నంబరు 1తో మొదలైతే రెండంకెలు కలిపి చదవాలి: ఐ5-10210యూ 10వ తరం, ఐ5-1135జీ7 11వ తరం.

అర్హత లేని మెషీన్‌లో ఇబ్బంది వెంటనే కనిపించదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు సాధారణంగా వస్తూనే ఉంటాయి. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు. హోమ్ ఎడిషన్‌లో ఒక్కో వెర్షన్‌కి 24 నెలలే సపోర్ట్. ఆ గడువు దాటాక నెలవారీ అప్‌డేట్లూ ఆగిపోతాయి. అంటే ఏడాదికోసారి ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పెట్టి పైవెర్షన్ ఎక్కించాలి. రేపటి వెర్షన్‌కి కూడా ఈ దొడ్డిదారి పనిచేస్తుందని హామీ ఏమీ లేదు.

మీ దగ్గర ఉన్నదాన్ని ఇప్పుడే తేల్చుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎంఎస్ ఇన్ఫో 32 అని ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా టైప్ చేయండి. ప్రాసెసర్ పూర్తి పేరు, బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఉందా లెగసీ ఉందా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా, ఈ మూడూ ఒకే పేజీలో కనిపిస్తాయి. అదే పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే చిప్ వివరం వస్తుంది. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉండాలి. ఒక్కోసారి చిప్ ఉన్నా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్ మెషీన్‌లో అయితే పీటీటీ అన్న పేరు కింద ఆన్ చేయొచ్చు. ప్రాసెసరే 6వ తరమని తేలితే ఇక దానికి అర్హత తెప్పించలేం.

అప్పుడు దారులు మూడు. ఉన్న 11నే ఏడాదికోసారి చేత్తో అప్‌గ్రేడ్ చేసుకుంటూ పోవడం ఒకటి. విండోస్ 10 వేసుకుని, 2026 అక్టోబరు 13 వరకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరడం రెండోది. అమ్మాయి పని బ్రౌజర్, నోట్సు, పీడీఎఫ్‌లతో సరిపోతే విండోస్‌కి బదులుగా వాడే లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేయించడం మూడోది. 6వ తరం ఐ5 మీద మింట్ హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగ్ కూడా ఉంటుంది. కాలేజీ వాళ్లు విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటే మొదటి దారి పట్టండి, వారానికోసారి ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

మళ్లీ ఎప్పుడైనా సెకండ్ హ్యాండ్ కొంటే షాపు బల్ల మీదే బ్యాటరీ కూడా చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడ ఉందో కింద చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ 28,000 ఉందనుకోండి, ఆ బ్యాటరీలో మిగిలింది 56 శాతమే. కొత్త బ్యాటరీ వేసిమ్మనండి, లేదా ఆ ధర తగ్గించమనండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్లతో పెళ్లి కార్డులు, పుస్తకాలు చేస్తాం. విండోస్ 10 ఆగిపోయిందంటున్నారు. 11కి మారాలా? – అరండల్‌పేట, గుంటూరు

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మెషీన్ ఆగిపోదు, పైన చెప్పిన అదనపు అప్‌డేట్ల పథకంలో చేరకపోతే కొత్త లోపాలకు మందు రాదు, అంతే తేడా. కాబట్టి కంగారుపడి పని నడుస్తున్న మెషీన్ మీద 11 ఎక్కించవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాం.

ముందు సిస్టమ్ టైప్ చూసుకోండి. డీటీపీ సెంటర్లలో 32 బిట్ విండోస్ ఇంకా చాలాచోట్ల ఉంది. విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే దొరుకుతుంది. 32 నుంచి 64కి అప్‌గ్రేడ్ ఉండదు, డిస్క్ తుడిచి మొదటి నుంచి వేయాలి. 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్ మీద అసలు తెరుచుకోవు, 16 బిట్ ఇన్‌స్టాలర్లూ చాలావరకు అంతే. డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే తాళం చెవి లాంటి పరికరం) మీద నడిచే ఫాంట్ సాఫ్ట్‌వేర్ ఉంటే దానికి 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లనే ముందుగా అడగండి.

మా సలహా ఇది: పాత మెషీన్‌ను అలాగే ఉంచి దాని నెట్ తీసేయండి. కొత్తది ఒకటి పక్కన పెట్టుకుని మెయిల్, వాట్సాప్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు అన్నీ దానిలోనే తెరవండి. అక్కడ స్కాన్ చేసిన ఫైలే పాతదానికి వెళ్లాలి.

కొత్త మెషీన్‌లో పేజ్‌మేకర్ వేశాక, ఫాంట్లు ఎక్కించినా అందులో కనిపించడం లేదన్నది అందరి ఫిర్యాదు. కారణం చిన్నది. ఇప్పటి విండోస్‌లో ఫాంట్ మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకే వెళుతుంది. పాత ప్రోగ్రాములు అక్కడ వెతకవు. ఫాంట్ మీద కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకుంటే విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. కుడి క్లిక్‌లో ఆ మాట కనిపించకపోతే ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కండి. తర్వాత పేజ్‌మేకర్ మూసి తెరవాలి.

గౌతమి, వాణి ఫాంట్లలో చేసిన పాత వర్డ్ ఫైళ్లు వేరే అక్షరాలతో తెరుచుకుంటే ఆ ఫాంట్లు పోయాయనుకోకండి. విండోస్ 10 నుంచి అవి విడి సరుకు అయ్యాయి, మామూలుగా ఉండేది నిర్మల ఒక్కటే. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే రెండూ వస్తాయి.

అసలు పని అప్పగించే ముందు ఒక పరీక్ష పేజీ తీయండి. అందులో లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్య్రం, జ్యోత్స్న ఉండాలి. స్క్రీన్ మీద బాగున్న వత్తు పీడీఎఫ్‌లో జరిగిపోవడం, ‘క్ష్మ’ కింద మకారవత్తు తెగిపోవడం ఇలాంటి మాటల్లోనే బయటపడతాయి. ఒక పేజీ కాగితం మీద చూసుకుంటే వెయ్యి కార్డులు చెత్తబుట్టలో పడవు.

ప్రశ్న: మిర్చి కమీషన్ వ్యాపారం. కొత్త కంప్యూటర్‌కి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పెడితే డ్రైవర్ లేదంటోంది. ప్రింటర్ మార్చాల్సిందేనా? – గుంటూరు

అక్కర్లేదు. కార్బన్ కాపీ బిల్లుకి దాన్ని మించింది లేదు. కొత్త కంప్యూటర్‌కి ప్యారలల్ పోర్ట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే ప్రింటర్ కేబుల్ తీసుకోండి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కి, చేత్తో చేర్చే మార్గం ఎంచుకోండి. పోర్ట్ దగ్గర యూఎస్‌బీ001, తయారీదారు దగ్గర జెనరిక్, మోడల్ దగ్గర ‘జెనరిక్ / టెక్స్ట్ ఓన్లీ’ పెట్టండి. మీ అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లో ప్రింట్ ఫార్మాట్‌ను డాట్ మ్యాట్రిక్స్‌కి మార్చండి, లేకపోతే గీతలు, పెట్టెలు అన్నీ పిచ్చి గుర్తులుగా పడతాయి. ఈ డ్రైవర్‌తో తెలుగు అక్షరాలు మాత్రం రావు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మార్పించాం. ఆన్ చేస్తే నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. మేము ఏ కీ పెట్టలేదు. లోపల పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు ఉన్నాయి. – లబ్బీపేట, విజయవాడ

ముందుగా ఒక మాట: ఎవరు చెప్పినా ఫార్మాట్ చేయించకండి.

కీ మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం దానంతట అదే పడొచ్చు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరీ ఎక్కువైంది, హోమ్ ఎడిషన్‌లోనూ జరుగుతుంది. ఆ తాళాన్ని రోజూ తీసేది టీపీఎం. మదర్‌బోర్డు మారితే పాత టీపీఎం పోతుంది, కాబట్టి 48 అంకెల కీ అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ తీసి వేరే మెషీన్‌కి పెట్టినా అదే కీ అడుగుతుంది. కీ లేకుండా తెరవగలమనే షాపులకు డబ్బు కట్టకండి.

ఆ కీ, ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లోనే ఆ ఖాతా తెరిచి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ కీల వివరం చూడండి. నీలం తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు ఏ వరసతో కలుస్తాయో ఆ వరసలోని 48 అంకెలు కొట్టాలి.

మీ ఖాతాలో లేకపోతే, కొన్నరోజు షాపులో కుర్రాడు ‘నేనే సెట్ చేసి ఇస్తా’ అని తన మెయిల్‌తో మొదలుపెట్టాడేమో గుర్తు చేసుకోండి. ఇది చాలా జరుగుతోంది. అలా అయితే మీ ఇంటి తాళం చెవి అతని జేబులో ఉన్నట్టే. పాత బిల్లు పట్టుకెళ్లి అతని చేతే లాగిన్ చేయించి కీ రాసుకోండి. మెషీన్ తెరుచుకున్నాక ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళమే) ఆఫ్ చేసి, తాళం పూర్తిగా విడిపోయేదాకా చార్జర్ పెట్టి ఉంచండి. తర్వాత మీ ఖాతాకి మారి మళ్లీ ఆన్ చేస్తే కొత్త కీ మీ ఖాతాలోకి వస్తుంది. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇకపై సర్వీసుకి ఇచ్చే ముందు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసే ఇవ్వండి.

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో చేరుతున్న అబ్బాయికి రైజెన్ 5, 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చూపించారు. నిరుటి మోడల్ కన్నా కొత్తదని చెబుతున్నారు. తీసుకోవచ్చా? – కొరిటెపాడు, గుంటూరు

నంబరు పూర్తిగా చెప్పించుకోండి. 7520యూ, 7530యూ రెండూ రైజెన్ 5లే, రెండూ 7000లే. మూడో అంకె చూడండి. 7520యూలో అది 2, అంటే లోపలి నిర్మాణం 2019 నాటి జెన్ 2, కోర్లు 4. 7530యూలో అది 3, అంటే జెన్ 3, కోర్లు 6. పైగా 7520యూ మెషీన్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీతో కొంటే నాలుగేళ్లూ 8 జీబీయే. నాలుగేళ్ల కోర్సుకి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి, లేదా కనీసం ఒక ఖాళీ ర్యామ్ స్లాట్ ఉన్నది తీసుకోండి.

ఇంటెల్‌లో ఇప్పుడు ‘ఐ’ తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని వస్తున్నాయి, వాటిని చూసి బెదరకండి. స్నాప్‌డ్రాగన్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది కానీ కాలేజీ ల్యాబుల్లో వాడే పాత సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ డ్రైవర్లు వాటి మీద ఎక్కకపోవచ్చు. మొదటి సంవత్సరం పిల్లాడికి ఆ తలనొప్పి వద్దు. ధర మరీ తక్కువగా ఉంటే అందులో విండోస్ ఉందా, ఖాళీ డాస్ ఉందా అని అడగండి. 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ ఉన్నదైతే చేతిలోకి కూడా తీసుకోవద్దు, రెండు పెద్ద అప్‌డేట్లకే నిండిపోతుంది.

ప్రశ్న: 11లో స్టార్ట్ బటన్ మధ్యలో ఉంది, కుడి క్లిక్ మెనూలో పాతవన్నీ లేవు. – విజయవాడ

టాస్క్‌బార్ మీద కుడి క్లిక్, టాస్క్‌బార్ సెట్టింగ్స్, బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ పెట్టండి. పాత మెనూ కోసం షిఫ్ట్ నొక్కి పట్టుకుని కుడి క్లిక్ చేయండి.

ప్రశ్న: అసెంబుల్ చేసిన సిస్టమ్‌లో ‘ఒరిజినల్ విండోస్’ వేశామన్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? – ఏలూరు రోడ్, విజయవాడ

విండోస్ కీ, ఆర్ నొక్కి ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, వెంటనే ఎక్స్‌పీఆర్ కొట్టండి. గడువు తేదీ చూపిస్తే అది కంపెనీలకిచ్చే వాల్యూమ్ పద్ధతిలో చేసిన యాక్టివేషన్, 180 రోజులకోసారి మళ్లీ చేయాలి. ఇంట్లో సిస్టమ్‌కి అది లైసెన్స్ కాదు. ‘పర్మనెంట్లీ’ అని వచ్చినా అదొక్కటే రుజువు కాదు. జీఎస్టీ బిల్లులో విండోస్ లైసెన్స్ విడి వరసగా ధరతో సహా ఉందో చూడండి.

దొంగ యాక్టివేటర్ వాడి ఉంటే ఇంకో సంగతి వెంటనే చూడాలి. దాన్ని నడపడానికి యాంటీవైరస్‌కి కళ్లు మూస్తారు, తర్వాత తెరవడం మరిచిపోతారు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కిందికి వెళ్లి ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. అక్కడ మీకు తెలియని ఫోల్డర్ గానీ, సీ డ్రైవ్ మొత్తం గానీ కనిపిస్తే తీసేసి, ఫుల్ స్కాన్ పెట్టండి. అది పూర్తయ్యేదాకా ఆ సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి.