చేతికుట్టు నుంచి చెక్క అచ్చు దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుడివాడ. ఇంటిపని ముగిశాక దుప్పట్టాల మీద, దిండు గలేబుల మీద కుట్టుపని చేయడం నాకు ఏళ్ల నుంచి అలవాటు. పుస్తకాల్లోని బొమ్మలు చూసి వేయను. మా పెరట్లో ఉన్న శంఖుపూలు, నందివర్ధనం, కాకరతీగ చూస్తూ నేరుగా గుడ్డ మీద పెన్సిల్‌తో గీసుకుని కాడకుట్టు, గొలుసుకుట్టు వేస్తాను. ఈమధ్య ఒక పెళ్లిలో నా దుప్పట్టా చూసిన విజయవాడ బొటిక్ యజమానురాలు, ఆ కాకరతీగతో పాటు మరో నాలుగు డిజైన్లు కాగితం మీద గీసి ఇస్తే పెడనలో అచ్చులు చెక్కించి చీరల మీద అద్దిస్తానన్నారు. నాకు డ్రాయింగ్ రాదు, కంప్యూటర్ రాదు, ఏ కోర్సూ చేయలేదు. ఒప్పుకోవచ్చా? డబ్బు ఎలా అడగాలి? రేపు ఆ డిజైన్ నాది కాదంటే ఏం చేయగలను?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: అమ్మా, నిస్సంకోచంగా ఒప్పుకోండి. అయితే మీరు ఇన్నాళ్లూ చేస్తున్న పనికీ ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్న పనికీ ఉన్న తేడా ఏమిటో ముందుగా తెలుసుకుని ఒప్పుకోండి.

డ్రాయింగ్ రాదన్న మాట నేను అంగీకరించలేను. కాకర ఆకుకు ఉండే లోతైన చీలికలనూ, నులితీగ మెలి తిరిగే తీరునూ చూసి గుడ్డ మీద పెన్సిల్‌తో పెట్టగలిగిన వారికి డ్రాయింగ్ రాకపోవడమేమిటి? చదువు సంగతికి వస్తే, పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయ డిజైనర్లలో అగ్రగణ్యుడైన విలియం మోరిస్ కూడా కుట్టుపనిని తనంతట తానే సూది పట్టి నేర్చుకున్నాడు. 1861లో మిత్రులతో కలిసి గృహాలంకరణ సంస్థ పెట్టింది ఆ తర్వాతే. ఆయన 1883లో రూపొందించిన ‘స్ట్రాబెర్రీ థీఫ్’ అనే అద్దకపు గుడ్డ తన తోటలో స్ట్రాబెర్రీలు దొంగిలించే పిట్టలను చూసి గీసినది, చెక్క అచ్చులతో అద్దించినది. అందుచేత పెరటి తీగ చిన్న విషయమని అనుకోకండి.

ఇక అసలు తేడా. మీరు కుట్టేటప్పుడు తప్పొప్పులు మీ చేతిలోనే సర్దుకుంటాయి. తీగ కొంచెం పక్కకు జరిగితే ఒక ఆకు పెంచుతారు, ఖాళీ కనిపిస్తే ఒక మొగ్గ వేస్తారు. అచ్చు చెక్కే మనిషికి, అద్దే మనిషికి ఆ వెసులుబాటు లేదు, వాళ్ల ముందు మీరు ఉండరు, మీ కాగితం మాత్రమే ఉంటుంది. వేరొకరి చేయి మీ ఊహను తప్పు లేకుండా అందుకునేలా రాసి ఇవ్వడమే డిజైనర్ పని. ఇదేమీ మన ఆడవాళ్లకు కొత్త విద్య కాదు. సంక్రాంతి నెలలో పత్రికల్లో అచ్చయ్యే ముగ్గు కింద “15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చే వరకు” అని ఒక్క వాక్యం ఉంటుంది; దాన్ని చదివి శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ అదే ముగ్గు వాకిట్లో పడుతుంది. మీరు ఇవ్వబోయే కాగితం కూడా అంత స్పష్టంగా ఉండాలి.

అందుకు మొదట పెడన వెళ్లి, అచ్చులు చెక్కేవారి దగ్గరా అద్దేవారి దగ్గరా చెరొక పూట కూర్చోండి. గుడివాడ నుంచి అదేమంత దూరం కాదు. టేకు చెక్క మీద మీ బొమ్మలోని గీతలు నిలబడేలా చుట్టూ ఉన్న చెక్కను తవ్వేస్తారు. గీత మరీ సన్నగా ఉంటే అంచు విరుగుతుంది, రెండు గీతల నడుమ సందు మరీ ఇరుకైతే రంగు నిండి ముద్దగా పడుతుంది. కాబట్టి దారంతో వెంట్రుక వాసిగా కుట్టిన నులితీగలను ఇక్కడ కాస్త లావు చేసుకోక తప్పదు. బొమ్మ అంచుగీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు కావాలి. మీరు అదనంగా కోరుకునే ప్రతి రంగూ ఒక అచ్చు ఖరీదు, ఒక దఫా అద్దకం కూలి అవుతుంది. దారాల పెట్టెలో ఉన్నన్ని వన్నెలూ అక్కడ దొరకవు. సంప్రదాయ పద్ధతిలో కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డ మీద, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపు, పటికతో పట్టించే ఎరుపు ప్రధానమైనవి. నింపుడు కుట్టులో దారం మెరుపు వల్ల వచ్చే వెలుగునీడలు అద్దకంలో రావు. వాటిని సన్నని గీతలతో, చుక్కలతో సాధించాలి.

రెండో విషయం, చీరంతా కమ్ముకునే డిజైన్ అయితే అచ్చు పక్కన అచ్చు పడినప్పుడు అతుకు కనిపించకూడదు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. చదరపు కాగితం నడుమ భాగంలో, అంచులు తాకకుండా, మీ కాకరతీగ గీయండి. కాగితాన్ని నిలువుగా సరిగ్గా రెండు ముక్కలు చేసి, కుడి ముక్కను ఎడమకు, ఎడమ ముక్కను కుడికి మార్చి వెనుక టేపు అంటించండి. ఇప్పుడు మీరు గీసినదంతా పక్కలకు పోయి, మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో తీగను కలుపుతూ పూరించండి. తర్వాత అడ్డంగా కోసి, పై ముక్కను కిందికి మార్చి మళ్లీ అలాగే పూరించండి. ఇలా తయారైన చదరం ఎటు పక్క చేర్చినా అతుక్కుంటుంది. దాన్ని జెరాక్స్ తీయించి తొమ్మిదింటిని నేల మీద పరచి, నిలబడి దూరం నుంచి చూడండి. దగ్గర నుంచి ఎంతో అందంగా ఉన్న బొమ్మలో, దూరం నుంచి ఒకే వరుసలో తెల్లని దారులు కనిపించవచ్చు. అప్పుడు ఇటుకలు పేర్చినట్టు రెండో వరుసను సగం జరిపి, వరుసల నడుమ తెగిన తీగలను మళ్లీ కలిపి చూస్తే చాలాసార్లు ఆ దారులు మాయమవుతాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు ఎక్కువగా వదిలేసేది ఈ దూరపు చూపునే, దయచేసి దానికి తగిన సమయం ఇవ్వండి. అంచు వేరే బొమ్మ, కొంగు వేరే బొమ్మ. దుప్పట్టా కూడా అడిగితే మూలలో అంచు ఎలా మలుపు తిరగాలో మీరే గీసి ఇవ్వాలి, లేకపోతే అద్దేవారు తోచినట్టు తిప్పుతారు.

డబ్బు, హక్కుల విషయం కొంత వివరంగా చెబుతాను. మీ డిజైన్ వెలను ఒక దుప్పట్టా కుట్టు కూలితో పోల్చకండి. కుట్టు ఒక్కసారి అమ్ముడవుతుంది, అచ్చు వందల చీరల మీద పడుతుంది. అందువల్ల డిజైన్‌కు ఒక మొత్తమో, అమ్మిన ప్రతి చీర మీద కొంత చొప్పునో విడిగా అడగండి. ఎన్ని చీరలకు, ఎంతకాలానికి అన్నది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, ఒకరు ప్రతిఫలం ఇచ్చి తమ కోసం డిజైన్ చేయించుకుంటే దాని యజమాని చేయించుకున్నవారే అవుతారు. హక్కు మీ దగ్గరే ఉండాలనుకుంటే ఆ మాట ఒప్పందంలో ముందుగానే ఉండాలి. గీసిన బొమ్మకు కాపీరైట్ ఎలాగూ ఉంటుంది కదా అనుకుంటారేమో. రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా, యజమాని గానీ అనుమతి పొందినవారు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుల మీద వేస్తే ఆ కాపీరైట్ ఆగిపోతుందని 1957 నాటి కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్ చేయిస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే దరఖాస్తుకు ముందే బహిరంగంగా ప్రచురితమైన డిజైన్‌కు రిజిస్ట్రేషన్ నిలవదు కాబట్టి, కొత్తగా గీసే ఆ నాలుగింటి ఫొటోలు ఒప్పందం కాకముందే ఎవరికీ పంపకండి, దరఖాస్తు చేయకముందే ఎక్కడా పెట్టకండి. గీసిన ప్రతి చిత్తు కాగితం మీద తేదీ వేసి దాచుకోండి.

ఐదూ ఒకేసారి ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు. కాకరతీగ ఒక్కటి ఇచ్చి, అచ్చు చెక్కించి, ఒక మీటరు గుడ్డ మీద నమూనా అద్దించి చూపమనండి. ఆ గుడ్డ చూశాక మిగతా నాలుగింటిని మీరు ఇప్పుడు అనుకుంటున్న దానికి భిన్నంగా గీస్తారని నా నమ్మకం.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో మా అమ్మమ్మ వేసే మెలికల ముగ్గులతో చేత్తో శుభాకాంక్షల కార్డులు చేస్తాను. అవి చూసి మా కంపెనీ వచ్చే ఏడాది క్యాలెండర్ నన్నే డిజైన్ చేయమంది. సంప్రదాయ ముగ్గు వాడుకోవచ్చా? ఆ బొమ్మలు తర్వాత నావేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తరతరాలుగా వస్తున్న మెలికల ముగ్గు ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిరభ్యంతరంగా వాడుకోండి, అమ్మమ్మ గారి పేరు క్యాలెండర్ మీద ఒక మూల వేయించగలిగితే ఎంతో బాగుంటుంది. ముగ్గులో మీరు కొత్తగా కల్పించిన అమరిక, రంగులు మాత్రం మీ సృష్టి. ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్‌కు మొదటి హక్కుదారు ఉద్యోగం ఇచ్చిన సంస్థే. అకౌంట్స్ ఉద్యోగికి క్యాలెండర్ గీయడం విధుల్లో భాగమా అన్నది వాదనకు తావిచ్చే విషయం. అందువల్ల పని మొదలుపెట్టక ముందే, ఇది జీతానికి సంబంధం లేని విడి పని అని, ఒక్క ఏడాది క్యాలెండర్‌కు మాత్రమే అనుమతి ఇస్తున్నానని ఈమెయిల్ పంపి, సరేనని వాళ్ల జవాబు తీసుకోండి. కాల పరిమితి రాయని హక్కుల బదిలీని చట్టం 5 ఏళ్లకు ఇచ్చినట్టుగా పరిగణిస్తుంది కనుక ‘ఒక్క ఏడాది’ అన్న మాటను మరచిపోవద్దు.