ఆర్‌సీలో పాత ఫైనాన్స్ పేరు, పాలసీలో తప్పు నంబరు: లోన్ మీద సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు నేనేం చేశానంటే

మీరు రాసింది చదివానండి. మీకు భీమవరంలో ఒక సెకండ్ హ్యాండ్ కారు నచ్చింది, బ్యాంకు లోన్ శాంక్షన్ అయింది. తీరా చూస్తే ఆర్‌సీలో పాత ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది, ఇన్సూరెన్స్ పాలసీలో ఛాసిస్ నంబరు (బండి చట్రం మీద కొట్టి ఉండే నంబరు) ఒక అక్షరం తేడా, అమ్మే ఆయన పేరు ఆధార్‌లో ఒకలా ఆర్‌సీలో ఇంకోలా. బ్రోకరేమో ముందు డబ్బు పడనివ్వండి అంటున్నాడు. ఈ మూడూ నాకు ఒకే బండిలో తగిలాయి. మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. 2023లో పాలకొల్లులో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర ఏపీ 37 నంబరు స్విఫ్ట్ కొన్నాను. మా బ్రోకరుదీ అదే మాట: "ఆయ్, అదెంత పనండీ, అయిపోద్ది."

అయింది, కానీ రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బ్యాంకు డబ్బు బయటికి రాకుండా ఆపడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. లోన్ సొమ్ము అమ్మేవాళ్ల చేతిలో పడిన రోజు నుంచి వడ్డీ మీది. ఆర్‌సీ మాత్రం ఇంకా వాళ్లది. మళ్లీ సంతకానికి రమ్మంటే ఎవరు వస్తారు చెప్పండి?

ముందు పాత ఫైనాన్స్ సంగతి. దీన్ని మనవాళ్లు హెచ్‌పీ అంటారు, అంటే బండి మీద తాకట్టు. మాస్టారు 2019లోనే లోన్ కట్టేశారు. కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీని, అంటే బాకీ లేదు, తాకట్టు తీసేయొచ్చు అనే కాగితాన్ని, భద్రంగా లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నారు! అది ఆర్‌టీఏకి (రవాణా శాఖ ఆఫీసుకి) ఇవ్వాల్సిన కాగితమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడు నెలలే చెల్లుతుందని దాని అడుగునే అచ్చువేసి ఉంది. లోన్ తీరిపోవడం వేరు, ఆర్‌సీలో తాకట్టు తీసేయడం వేరు. ఫారం 35 మీద ఫైనాన్స్ కంపెనీ, బండి ఓనరు ఇద్దరూ సంతకం చేసి, ఎన్‌వోసీతో కలిపి పెడితేనే ఆ పేరు పోతుంది. కాబట్టి ఎవరైనా కాగితం చూపిస్తే నమ్మి ఊరుకోకండి. పరివాహన్ సైట్లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో బండి నంబరు కొట్టి, అక్కడ ఏముందో చూడండి.

కొత్త ఎన్‌వోసీ కోసం తిరిగితే, ఆ కంపెనీ రాజమండ్రి బ్రాంచి ఎప్పుడో ఎత్తేశారు. కాకినాడ వెళితే లోన్ నంబరు అడిగారు. మాస్టారి దగ్గర లేదు, లామినేషన్ చేసిన కాగితంలో ఆ చోట అక్షరాలు వెలిసిపోయాయి. అప్పుడు మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. మన అప్పుల చరిత్ర దాచే క్రెడిట్ బ్యూరోలు ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మాస్టారి పేరు మీద అది తీస్తే పాత కారు లోన్ నంబరుతో సహా దొరికింది, పక్కనే "క్లోజ్డ్" అని కూడా ఉంది. ఆ ప్రింటు జతచేసి మెయిల్ పెడితే మూడు వారాల్లో కొత్త ఎన్‌వోసీ, సంతకం పెట్టిన ఫారం 35 పోస్టులో వచ్చాయి. ఈలోగా నా శాంక్షన్ లెటర్ గడువు దగ్గరపడితే బ్యాంకులో అర్జీ రాసిచ్చి పొడిగించుకున్నాను. మీరు కూడా ఆ లెటర్ మీద తేదీ ఒకసారి చూసుకోండి.

ఛాసిస్ నంబరు తేడా చూసి నేను చాలా టెన్షన్ పడ్డాను, దొంగ బండేమోనని. తీరా అది సున్నా బదులు "ఓ" అక్షరం టైపు చేసిన తప్పు. పదిహేడు అంకెలు, అక్షరాలు ఉండే ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అసలు వాడరు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని. పాలసీలో "ఓ" కనిపిస్తే టైపు తప్పే అనుకోవచ్చు. అయినా బండి మీద కొట్టిన నంబరుపై తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ రెండూ కలిసి పాలసీ ఒక్కటే తప్పైతే భయం లేదు, ఆర్‌సీ కాపీ ఇస్తే ఇన్సూరెన్స్ వాళ్లు దిద్ది ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ కాగితం) ఇస్తారు. ఆ అర్జీ మాత్రం పాలసీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే పెట్టాలి, అంటే బండి చేతులు మారకముందే. ఇనుము మీద నంబరుకీ ఆర్‌సీకీ తేడా ఉంటే మాత్రం ఎంత చవకైనా అక్కడితో ఆపేయండి.

పేరు గొడవ ఇటువైపు మామూలే. గోదావరి జిల్లాల్లో ఇంటిపేరు కాక మూడు నాలుగు ఇనిషియల్స్ లేని పెద్దమనిషి ఎక్కడున్నాడు? మాస్టారి ఆర్‌సీలో పొడి అక్షరాలు, ఆధార్‌లో మొత్తం విడమరిచి. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి పాన్ కార్డు కాపీ జోడిస్తే మా బ్యాంకు ఒప్పుకుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ కలవడం ముఖ్యం. నాకు ఇంకోటి తగిలింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మాది కోనసీమ జిల్లా అయింది, నా ఆధార్‌లో ఇంకా తూర్పు గోదావరి. బ్యాంకు ఫారంలో కోనసీమ అని రాస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఆధార్‌లో మార్పించుకుని మళ్లీ వెళ్లాను, దానికో వారం.

ఇవన్నీ అయ్యేదాకా మాస్టారికి పదివేలు అడ్వాన్సు మాత్రమే ఇచ్చి, హెచ్‌పీ తీయించి సైట్లో కనిపించాకే మిగతాదని తెల్లకాగితం మీద రాసుకున్నాం. పాత పేరు పోయిన మర్నాడు బ్యాంకు డబ్బు వేసింది. అదే రోజు ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30, మా బ్యాంకు తాకట్టు ఎక్కించడానికి ఫారం 34 కలిపి పెట్టాం. ఫారాల మీద ఖాళీగా సంతకం పెట్టి బ్రోకరుకి ఇచ్చేస్తానని మాస్టారు అంటే నేనే వద్దన్నాను. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం రికార్డులో ఉన్న ఓనరు మెడకే చుట్టుకుంటుంది, 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. అది విన్నాక ఆయనే పొద్దున్నే బస్సెక్కి ఆర్‌టీఏకి వచ్చి కూర్చున్నారు.

పెండింగ్ చలానాలు కూడా చూడండి. మా బండి మీద హైవేలో స్పీడు చలానాలు రెండున్నాయి, మాస్టారు నవ్వుతూ కట్టేశారు. తెలంగాణ నంబరు బండైతే అక్కడి ఆర్‌టీఏ ఇచ్చే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క వేరే ఉంటుంది, బేరానికి ముందే వేసుకోవాలి. వరదలో మునిగిన బండేమోనని సీటు బెల్టు పూర్తిగా లాగి చివర ఒండ్రు మరక ఉందేమో చూడటం మా లంకలవాళ్ల అలవాటు, 2022 జులై వరదల తర్వాత మరీను.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక 14 రోజుల్లో పాలసీని మీ పేరుకి మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మనిషిది, బండిది కాదు. ఆయన బోనస్ తేడా నేనే కట్టాల్సి వచ్చింది, బేరమాడేటప్పుడు నాకు తట్టలేదు. మీరు కొనే కారు పాలసీ నెలలోపే అయిపోయేట్టుంటే ఈ తేడా కట్టాలో, ట్రాన్స్‌ఫర్ కాగానే సరైన నంబరుతో మీ పేరు మీద కొత్తది తీసుకుంటే చాలో ఇన్సూరెన్స్ వాళ్లనే అడగండి. మధ్యలో ఒక్కరోజు కూడా పాలసీ లేకుండా బండి బయటికి తీయకండి.