కూతుర్ని చూడ్డానికి వెళ్ళి హోటల్లో దిగాలా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నాకు 58 ఏళ్ళు, మావారికి 64. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. మా ఒక్కగానొక్క కూతురు సింగపూర్‌లో ఉంటోంది. రెండు నెలల క్రితం పాప పుట్టింది. తొలి కాన్పు మా ఇంట్లోనే జరగాలని ఎంతో ఆశపడ్డాం. సరిగ్గా అప్పుడే మావారికి మోకాలి ఆపరేషన్ కావడంతో నేను కదల్లేకపోయాను. కాకినాడ నుంచి వియ్యపురాలు వెళ్ళి అన్నీ చూసుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఈ నెలాఖరుకి మేం పది రోజులకని వెళ్తున్నాం. వాళ్ళది రెండు పడకగదుల ఫ్లాటు. అందుకని పక్కనే కొత్తగా తెరిచిన పెద్ద హోటల్లో మాకు గది తీసుకున్నారు. ‘హాయిగా ఉంటుందమ్మా, మధ్యాహ్నాలు నేనూ పాపా అక్కడికే వచ్చేస్తాం’ అంటోంది అమ్మాయి. ‘కన్నకూతురి దగ్గరికెళ్ళి హోటల్లో దిగే ఖర్మేంటి, నేను రాను’ అని మావారు భీష్మించుకు కూర్చున్నారు. పోనీ ఏదైనా చిన్న ఇల్లు అద్దెకు చూడమంటే కుదరదంటోంది. ఆవిడ ఇంట్లో, నేను హోటల్లోనా అని నాకూ లోపల కలుక్కుమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్ళండమ్మా. ఇద్దరూ వెళ్ళండి, ఆ హోటల్లోనే దిగండి.

మీ ఉత్తరంలో మీరు రాసేసి ముందుకెళ్ళిపోయిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘మధ్యాహ్నాలు నేనూ పాపా అక్కడికే వచ్చేస్తాం.’ రెండు నెలల బాలింత అంటున్న మాట ఇది. అత్తగారు ఎంత మంచావిడైనా ఆవిడ ఎదురుగా జుట్టు విరబోసుకుని, కాళ్ళు బారజాపుకుని, పట్టపగలు రెండు గంటలు ఒళ్ళెరగకుండా నిద్రపోవడం ఏ కోడలికీ అంత తేలిక కాదు. ఏడుపొస్తే కుళాయి తిప్పుకుని స్నానాలగదిలో ఏడవాలి. పుట్టింట్లో అయితే ఇవేవీ ఉండవు. మీ అమ్మాయికి ఆ పుట్టిల్లు ఈసారి అందలేదు. మీరొచ్చే పది రోజులైనా తలుపు గడియ పెట్టుకుని అమ్మ పక్కన పడుకునే చోటు ఒకటి చూసుకుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. మిమ్మల్ని దూరంగా పెట్టాలనుకునే పిల్ల చంటిబిడ్డనెత్తుకుని రోజూ మీ గదికి వస్తానని ఎందుకంటుంది?

ఆ మధ్యాహ్నాల్లో మీరు చూడాల్సింది ఇంకొకటుంది. కాన్పయిన కొత్తలో వారం పది రోజులు ఊరికే కళ్ళనీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోయినా, బిడ్డను ఎత్తుకోవాలనిపించడం లేదన్నా ‘బాలింతలకు ఇదంతా మామూలేలే’ అని సర్దిచెప్పకండి. అల్లుడితో చెప్పి డాక్టరుకు చూపించండి. నలుగురున్న ఇంట్లో కంటే మీరిద్దరే ఉన్న గదిలో ఇలాంటివి త్వరగా బయటపడతాయి.

ఇరుకు ఇంట్లో సర్దుకుపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మనవడు పుట్టినప్పుడు దుబాయ్‌లో మా అబ్బాయి ఇంట్లో పదిహేను రోజులు హాల్లో సోఫా మీద పడుకున్నాను. అక్కడి టైము మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ ఐదింటికి లేచే అలవాటు కదా, అక్కడ మూడున్నరకే మెలకువ వచ్చేసేది. కుళాయి తిప్పితే పసివాడు లేస్తాడేమో, లైటు వేస్తే కోడలు లేస్తుందేమో అని తెల్లారేదాకా చీకట్లో కూర్చునేదాన్ని. పగలు కళ్ళు మూతలు పడిపోయేవి. వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కూడా నాకు సగం నిద్రే. ఆ పదిహేను రోజుల్లో వాడి ముఖం ఎలా మారుతూ వచ్చిందో నాకు గుర్తు లేదు. ఇప్పటికీ బాధపడతాను.

అద్దె ఇల్లు కుదరదని అమ్మాయి చెప్పింది నిజమే, తప్పించుకోవడానికి అన్నది కాదు. సింగపూర్‌లో ప్రైవేటు ఇంటిని మూడు నెలలకు తక్కువ, ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాటును ఆరు నెలలకు తక్కువ అద్దెకివ్వడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. పది రోజుల కోసమని మామూలు ఇల్లు అద్దెకు దొరకదు.

ఇక మీవారి సంగతి. ఆయన కష్టం గది గురించి కంటే డబ్బు గురించేమో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేసి ఇల్లు నడిపిన మనిషి, అల్లుడు బిల్లు కట్టే గదిలో పడుకోవడానికి మనసొప్పక ‘ఖర్మ’ అంటున్నారేమో. అదే అయితే బిల్లు ఆయన్నే కట్టనివ్వండి. మొత్తం భారమైతే సగం. ఈ మాట అల్లుడితో ఇప్పుడే ఫోన్లో తేల్చుకోవాలి, హోటల్ కౌంటరు ముందు ‘నేనంటే నేను’ అని లాక్కోకూడదు. అక్కడ హోటళ్ళు చెప్పే ధర మీద చాలాచోట్ల 10 శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. వంద డాలర్ల గది దాదాపు 120 అవుతుంది. అన్నీ కలిపి ఎంతో అడిగి లెక్క వేసుకోండి. దిగేటప్పుడు డిపాజిట్టుగా కార్డు మీద కొంత సొమ్ము ఆపుతారు, కాబట్టి ఆయన కార్డు విదేశాల్లో పనిచేసేలా ఇక్కడి బ్యాంకులోనే చేయించుకుని వెళ్ళండి.

పరువు అంటారా, మన తాతల కాలంలో కూతురి ఇంట్లో మంచినీళ్ళు ముట్టడానికే వెనకాడే తండ్రులుండేవారు. పిల్లను చూసి, చేతిలో నాలుగు రూపాయలు పెట్టి, పొద్దుగూకకముందే బయల్దేరేవారు. వాళ్ళకు కూతురంటే ప్రేమ లేదని ఎవరైనా అన్నారా? ఈ మాట మీరు చెప్పడం కంటే ఆయన అన్నదమ్ములెవరితోనైనా చెప్పించండి. ఆపరేషనైన మోకాలికి కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ, స్నానం చేసేచోట జారని పట్టా ఉన్నాయో లేదో కూడా అమ్మాయిని కనుక్కోమనండి. పొద్దున్నే ఏమీ తోచక గదిలో కూర్చోకుండా సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి రావచ్చు.

మీ మనసులోని ముల్లు వియ్యపురాలి గురించి. మీరు చేయాల్సిన పురిటి చాకిరీ ఆవిడ చేశారు. తప్పు మీది కాదు, అయినా చేయలేకపోయానన్న బాధ మీలో ఉంది, అదే ఇప్పుడు ఆవిడ మీద అసూయలా పైకొస్తోంది. ప్రయాణానికి ముందే మీరుగా ఆవిడకు ఫోన్ చేయండి. ‘వదినగారూ, నేను లేని లోటు మీరు తీర్చారు’ అని నోరారా చెప్పండి. మంచి చీర ఒకటి, మాడుగుల హల్వా ఆవిడకని విడిగా పట్టుకెళ్ళండి. ఒకటి రెండు రాత్రులు ఆవిణ్ణి హోటల్ గదిలో పడుకోమని, మీరు పాప దగ్గర ఉంటానని అడగండి. రెండు నెలలుగా ఆవిడకూ కంటినిండా నిద్ర ఉండి ఉండదు. గదిలో పడుకునే వాళ్ళు మారుతున్నట్టు హోటల్లో ముందే చెప్పి ఆవిడ పేరు రాయించాలి. పాపకు చిన్న మంచం వేయమని కూడా అప్పుడే అడగండి, చాలా హోటళ్ళు ఇస్తాయి.

పెట్టె సర్దేటప్పుడు మెత్తబడ్డ మీ పాత నేత చీరలు రెండు మర్చిపోకుండా పెట్టుకోండి. హోటల్ దుప్పట్లు గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంటాయి. మధ్యాహ్నం పాప వచ్చేసరికి మీ చీర నాలుగు మడతలు వేసి మంచం మీద పరిచి ఉంచండి.