ఇల్‌ఫర్డ్ మ్యాచ్ కథ రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్రీట్‌మెంట్, అంటే సీన్ల వారీ కథనం, రెండుసార్లు చదివాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, లండన్ పక్కనున్న ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో తలపడిన మన ఫుట్‌బాల్ జట్టు మీద హాస్యచిత్రం తీయాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. హైదరాబాదుకు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం మీద 2024లోనే హిందీలో గంభీరమైన చిత్రం ఒకటి వచ్చింది కాబట్టి, ఆ దారిలో వెళ్లకుండా అంతకు ముందరి కాలాన్ని ఎంచుకోవడం తెలివైన పని. అయితే మొదటి అరగంట చదువుతున్నంతసేపూ నా మనసు కలుక్కుమంటూనే ఉంది. ఆటగాళ్లకు బూట్లు లేకపోవడం, ఎవరో అరువిచ్చిన బూట్లు తొడుక్కుని బోర్లా పడడం, కుడి బూటు ఎడమ కాలికి వేసుకోవడం, ఇలా నవ్వు కావలసిన ప్రతిచోటా నువ్వు వాళ్ల పాదాల దగ్గరికే వెళ్లావు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పరిశ్రమలో కో-డైరెక్టరుగా, తరువాత రచయితగా పని చేసిన వాడిగా చెబుతున్నాను, నీ చిత్రం నిలబడడమైనా పడిపోవడమైనా ఆ పాదాలను నువ్వు చూసే చూపులోనే ఉంది.

ముందు ఒక సంగతి తెలుసుకో. ఆ జట్టులో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడింది కేవలం బూట్లు కొనలేక కాదు. వాళ్లు నేర్చుకున్న ఆటే అది. 1911లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ అనే ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించినప్పుడు పదకొండు మందిలో సుధీర్ చటర్జీ ఒక్కరే బూట్లు వేసుకున్నారు. దొరల సైనికులను దొరల ఆటలోనే గెలిచిన ఆ రోజు నుంచి బూటు లేని పాదమంటే మన ఆటగాళ్లకు పౌరుషంగా మారింది. బంతిని కాలివేళ్ల మధ్య ఆపడం, అరికాలితో మెల్లగా వెనక్కి లాగడం, పాదం మీద పడ్డ బరువును బట్టే బంతి ఎటు పోతుందో గ్రహించడం, ఇవన్నీ చిన్నప్పటి నుంచి మట్టి మైదానాల్లో అబ్బిన విద్యలు. దానికి లోటు కూడా ఉంది, దాచవద్దు. తడి గడ్డి మీద వట్టికాలు జారుతుంది, ఎదుటివాడి బూటు కింది మేకులు తగిలితే చర్మం లేచిపోతుంది. ఈ విద్యను, ఈ లోటును రెండింటినీ ప్రేక్షకుడికి మొదటి పది నిమిషాల్లోనే అర్థమయ్యేలా చూపించగలిగితే, ఆ తర్వాత ఎవరు ఎవరిని చూసి నవ్వాలో వాళ్లకు నువ్వు చెప్పనక్కరలేదు.

హాస్యంలో నవ్వుల పాలు కావలసింది తనకు అంతా తెలుసనుకునే మనిషి. నీ కథలో అలాంటి వాళ్లకు కొదవ లేదు. ఉదాహరణకు నువ్వు రాసిన బూట్ల దుకాణం సీనునే తీసుకో. మన హాఫ్‌బ్యాక్, అంటే మధ్య వరుస ఆటగాడు, బూట్లు వేసుకుని అద్దాల బీరువా మీద పడినట్టు రాశావు. దాన్ని తీసివేయి. అదే దుకాణంలో అమ్మకందారు ఎంతో మర్యాదగా కొలబద్ద పట్టుకుని కూర్చున్నాడనుకో. పుట్టిన దగ్గర నుంచి బిగించని పాదం కాబట్టి వేళ్లు విచ్చుకుని, ముందుభాగం వెడల్పుగా ఉంటుంది. ఒక జత పట్టదు, రెండో జత పట్టదు, పదో జత పట్టదు. అమ్మకందారు నుదుటి నుంచి చెమట కారుతుంది. మనవాడు మొహమాటంతో ప్రతి జతకూ బాగుందంటాడు. చివరికి అలసిపోయిన అమ్మకందారు మూలనున్న బంతిని ఇటు దొర్లించమంటే, మనవాడు కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే బొటనవేలితో దాన్ని గాలిలోకి లేపి అతని చేతుల్లో పెడతాడు. హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వులో ఆటగాడి గౌరవానికి ఇసుమంత లోటు రాదు.

ఆ కాలపు లండన్ నీకు ఇంకా ఎంతో ఇస్తుంది. యుద్ధం ముగిసి మూడేళ్లే అయింది. కొత్త స్టేడియం ఏదీ కట్టలేదు. పురుషుల జట్లను వైమానిక దళం శిబిరాల్లోను, కళాశాలల్లోను దించారు. తువాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. దేశంలో రేషన్ ఇంకా సాగుతుండగా, క్రీడాకారులకు మాత్రం ఓడరేవు కూలీలకు, గని కార్మికులకు ఇచ్చినట్టు ఎక్కువ కోటా ఇచ్చారు. గెలిచిన సామ్రాజ్యం తిండిని లెక్కపెట్టుకుని తింటున్నదన్న సంగతిని, స్వతంత్రం వచ్చి ఏడాదైనా నిండని దేశపు కుర్రాళ్లు కళ్లారా చూస్తారు. బియ్యం కోసం వాళ్లు వంటశాలలో చేసే రాయబారాలే ఒక పూర్తి ట్రాక్ అవుతుంది. జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో నాగా కొండల వాడు, కలకత్తాలో వైద్యవిద్య చదివినవాడు. శైలేన్ మన్నా బెంగాలీ, అహ్మద్ ఖాన్ బెంగళూరు వాడు, షియో మేవాలాల్ బీహారులో పుట్టి కలకత్తాలో పెరిగినవాడు. ఇంతమంది ఇన్ని భాషల్లో ఒక బంతి కోసం అరుచుకుంటుంటే, ఒకరి మాట ఒకరికి అందక, పాసు మాత్రం సరిగ్గా అందుతుంటే, అంతకు మించిన హాస్యం వేరే అక్కరలేదు.

ఇక నీ ముగింపు కార్డు విషయం. 1950లో బ్రెజిల్ ప్రపంచకప్‌కు మన జట్టు వెళ్లకపోవడానికి కారణం వట్టికాళ్లతో ఆడనివ్వకపోవడమేనని తెర మీద అక్షరాలు వేస్తానన్నావు. దయచేసి వేయకు. మన ఫుట్‌బాల్ సమాఖ్య అప్పుడు చెప్పిన కారణాలు జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు, సాధనకు సమయం చాలకపోవడం. వట్టికాళ్ల మాట తర్వాత అల్లినదేనని మన్నాయే అన్నారు. ఊళ్లో వినడానికి బాగున్న కథ కదా అని చరిత్ర పేరుతో ముద్ర వేస్తే, నీ చిత్రంలో నిజంగా జరిగిన సంగతులను కూడా రేపు ఎవరూ నమ్మరు. అలాగే ఇంగ్లండు రాజు మన్నా పాంటు పైకి లాగించి కాళ్లు ఉక్కువా అని చూశారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. అది వదులుకోలేనంత ముచ్చటైన కథ కాబట్టి, తిరిగి వచ్చాక కలకత్తా టీకొట్టులో ఒక అభిమాని చెబుతున్నట్టు, పక్కవాడు అడిగేసరికి రాజు రెండు కాళ్లూ చూశారని పెంచి చెబుతున్నట్టు తీయి.

హైదరాబాదీ హీరో గురించి నువ్వు అడిగావు. నిర్మాత ఒత్తిడి నాకు అర్థమవుతుంది, మన మార్కెట్‌కు మన వాడొకడు కావాలంటారు. కానీ మ్యాచ్ జరిగిన 1948 జూలై 31 నాటికి హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో ఇంకా కలవనే లేదు, అది జరిగింది సెప్టెంబరులో. ఆ వేసవిలో మన ప్రాంతం పడిన యాతనను పక్కన పెట్టి ఒక కల్పిత హైదరాబాదీని ఇల్‌ఫర్డ్‌లో గంతులు వేయిస్తే, అది ఇటు నిజానికీ నప్పదు, అటు హాస్యానికీ నప్పదు. నీకు మన ఊరే కావాలంటే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ తీసుకో. రహీం సాబ్ శిక్షణలో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టులో సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. పోలీసుల పాత బూట్ల తోలుతో తాను ఆటబూట్లు కుట్టించుకున్నట్టు ఆయనే చెప్పుకున్నాడు. రహీం సాబ్ బడిపంతులు, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవారు. ఆ పోటీ ఒక్కటి చాలు, నీకు అద్భుతమైన సీను దొరుకుతుంది. కానీ అది వేరే చిత్రం. రెండింటినీ కలిపి ఒకే కుండలో ఉడికించకు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని, ఆటను తీయడం. చాలా ఏళ్ల క్రితం నేను పని చేసిన ఒక చిత్రంలో ఊరి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉండేది. ఇరవై ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులను తెచ్చాం, వాళ్లలో బంతి తన్నడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఎడిటింగ్ టేబుల్ మీద క్లోజప్పులు ముక్కలు ముక్కలుగా అతికించి ఆటలా భ్రమింపజేయాలని చూశాం. విడుదల రోజున థియేటర్లో గోల్ పడిన క్షణంలో జనం నవ్వారు, మేము ఏడిపించాలనుకున్న చోట నవ్వారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అందుకే చెబుతున్నాను, నటన వచ్చినవాడికి ఆట నేర్పడం కన్నా ఆట వచ్చినవాడికి నటన నేర్పడం సులువు. లీగుల్లో ఆడే కుర్రాళ్లను వెతుకు, షెడ్యూలుకు మూడు నెలల ముందే వాళ్ల బూట్లు విప్పించి సాధన చేయించు, ఎందుకంటే ఈ తరం అరికాళ్లు మెత్తన. పగటి ఎండకు కాలిన నేల మీద అరికాళ్లు బొబ్బలెక్కితే షెడ్యూలు మొత్తం ఆగుతుంది. ఆటను వీలైనంత వరకు వైడ్ షాట్‌లో, తల నుంచి పాదం దాకా కనిపించేలా ఉంచు. పాదం ఫ్రేములో లేకపోతే ఈ కథే లేదు.

బంతి విషయంలో రాజీ పడవద్దు. అప్పటి బంతి తోలు పట్టీలతో కుట్టింది, లోపల రబ్బరు బ్లాడరు, పైన లేసు. వాన పడితే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, లేసు ఉన్న వైపు నుదుటికి తగిలితే గీరుకుంటుంది. మేము వాడిన బంతి కొత్త రకానిది, అందుకే గాలిలో తేలిపోయింది. కనీసం ఆరు బంతులు కుట్టించి, రెండింటిని ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టించు. ఇంకొకటి, నీ రెఫరీ పసుపు కార్డు తీసినట్టు రాశావు. కార్డులు మొదట వచ్చింది 1970 ప్రపంచకప్‌లో. గాయపడిన వాడి బదులు ఇంకొకణ్ణి దించడం కూడా అప్పట్లో లేదు, ఎవరికి దెబ్బ తగిలినా జట్టు పది మందితోనే లాక్కురావాలి.

ఇక మ్యాచ్. 30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ చేసింది. మనకు రెండు పెనాల్టీలు దొరికాయి, ఒకటి మన్నా, ఒకటి మహావీర్ ప్రసాద్ పోగొట్టారు. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ స్కోరు సమం చేశాడు. 89వ నిమిషంలో ఫ్రాన్స్ మళ్లీ కొట్టి 2-1తో గెలిచింది. నువ్వు ఒక పెనాల్టీని గోల్‌గా మార్చి మ్యాచ్ డ్రా చేయిస్తానన్నావు, క్లైమాక్స్‌లో ఓటమి ఉంటే జనం రారని నీ భయం. ఆ భయం వదిలిపెట్టు. ఓడిన వాళ్లను ఆ రోజు ఇల్‌ఫర్డ్ జనం చప్పట్లతో సాగనంపారు, నీ ప్రేక్షకులు అంతకన్నా కఠినులు కారు. పెనాల్టీలు రెండూ పోవాలి. రెండోసారి బంతి చుక్క మీద పెట్టినప్పుడు ఎవరు కొట్టాలని పదకొండు మంది ఒకరినొకరు చూసుకునే ఆ మౌనాన్ని నువ్వు ఎంతసేపు సాగదీయగలిగితే అంత మంచిది. అక్కడ రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, అసలు వద్దు.

మరొక్క మాట, దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అప్పట్లో మన దేశంలో మ్యాచ్‌లు 70 నిమిషాలతో ముగిసేవి. రామన్ గోల్ కొట్టింది 70వ నిమిషంలో. అంటే మన గడియారం లెక్కన ఆ మ్యాచ్ 1-1తో అక్కడికి అయిపోయింది. జట్టులో ఎవరో ఒకడు, అలవాటుకొద్దీ, ఆట అయిపోయిందనుకుని చేతులు చాచి ఎదుటివాడిని కౌగిలించుకోవడానికి వెళ్లాడనుకో, ఆవో వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ఇంకా ఇరవై నిమిషాలు ఉందిరా బాబూ అన్నాడనుకో. నీ చిత్రంలో అతిపెద్ద నవ్వు అక్కడే రావాలి, ఆ నవ్వు తగ్గకముందే వాళ్ల ఊపిరి సన్నబడడం కనిపించాలి. అక్కడి నుంచి 89వ నిమిషం దాకా ఉన్న ఆ 19 నిమిషాలను ఇంటర్వెల్ కన్నా శ్రద్ధగా రాయి. అది రాశాక, మిగతా స్క్రిప్టు కోసం ఆగకుండా, ఆ సీన్లే ముందుగా నాకు పంపు. చేతిరాతతో పంపినా సరే, ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో రాయి.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య