కిడ్నీలో మచ్చలు ఆకుపొడితో పోతాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 39. ఈమధ్య బయాప్సీ చేసి, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, కిడ్నీలో 30 శాతం ఫైబ్రోసిస్ ఉందని, అంటే మచ్చ కట్టిందని చెప్పారు. మొక్కల్లోని పదార్థాలు ఈ మచ్చల్ని తగ్గిస్తాయని చదివాం. తెలిసినాయన ఒకరు వేళ్లూ ఆకులూ దంచిన పొడి ఇస్తే నెల రోజులుగా పరగడుపున వాడుతున్నారు. పసుపు క్యాప్సూల్స్ కూడా వేసుకోమంటున్నారు. వాడొచ్చా?
ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ పొడి ఆపించండమ్మా. ఈ వారంలోనే పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించండి. ఎందుకో చెబుతాను.

బయాప్సీలో తీసే ముక్క అగ్గిపుల్లంత లావు కూడా ఉండదు. దాన్ని పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో సన్నటి గొట్టాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. మచ్చ కట్టిన చోట అవి వడలిపోయి, ఎడమెడంగా జరిగి, మధ్యలో నీలం రంగు పరుచుకుని కనిపిస్తుంది. ఆ నీలమే కొల్లాజెన్, అంటే మచ్చ కట్టే పీచులాంటి ప్రోటీన్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లలో షుగరు లేనివాళ్ల స్లైడ్లలోనూ ఇదే నీలం చూస్తుంటాం. మీ నాన్నగారికి అది 30 శాతం మేర చేరింది. మిగతా 70 శాతం ఇంకా మన చేతిలో ఉంది. నా ఆలోచనంతా దాన్ని కాపాడుకోవడం మీదే.

మీరు చదివింది అబద్ధం కాదు. కిడ్నీకి పదే పదే దెబ్బ తగిలితే టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్ పెరిగి, కొన్ని కణాలను కొల్లాజెన్ తయారీకి పురిగొల్పుతుంది. పసుపులోని కర్‌క్యుమిన్, మానుపసుపులోని బెర్బెరిన్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ ఈ దారికి అడ్డుపడతాయని ల్యాబుల్లో చూశారు. అయితే ఆ ప్రయోగాలు చాలావరకు ఎలుకల మీద చేసినవి. ఎలుకకు ఒకవైపు మూత్రనాళం ముడివేస్తే ఒకటి రెండు వారాల్లోనే ఆ కిడ్నీలో మచ్చ కడుతుంది. మందును చాలాసార్లు ముడివేసే ముందో, ఆ రోజునో మొదలుపెడతారు. అంటే మచ్చ కట్టకుండా ఆపడాన్ని చూస్తున్నారు. ఏళ్ల తరబడి పేరుకున్నదాన్ని కరిగించడం వేరే పని. కిడ్నీ మచ్చకు మందుగా ఆమోదం పొందిన మొక్క పదార్థం ఇప్పటివరకు ఏదీ లేదు.

కర్‌క్యుమిన్‌ను మనుషుల్లోనూ పరీక్షించారు. కెనడాలో కిడ్నీ జబ్బు ఉండి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నవాళ్లకు, ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన కర్‌క్యుమిన్‌ను 6 నెలలు ఇచ్చారు. ఆల్బుమిన్ తగ్గలేదు, కిడ్నీ పనితీరులోనూ మేలు కనిపించలేదు. కూరలో వేసే పసుపు నిక్షేపంగా వాడుకోండి. క్యాప్సూల్స్ మాత్రం వద్దు. పసుపులో ఆక్సలేట్ అనే లవణం ఎక్కువ. మోతాదు మించి నెలల తరబడి మింగినవాళ్లలో అది కిడ్నీలోనే పేరుకుని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి.

ఇక ఆ పొడి. అందులో ఏ వేరు ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నా భయం అక్కడే. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి మూలికల మందు వాడిన ఆడవాళ్లు వందమందికి పైగా కిడ్నీలు పాడుచేసుకున్నారు. ఒక వేరుకు బదులు అరిస్టోలోకియా జాతి వేరు అందులో కలిసింది. అందులోని ఆమ్లం కిడ్నీలో తెచ్చిపెట్టింది ఏమిటనుకున్నారు? సరిగ్గా ఈ మచ్చలే. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో కాన్సరూ వచ్చింది. మన పల్లెల్లో వాడే ఈశ్వరి, గాడిదగడప కూడా ఆ జాతివే. ఇంకో సంగతి: మీ నాన్నగారి ఈజీఎఫ్ఆర్‌కి ఆకుల రసాలు, పొడుల్లోని పొటాషియం బయటికి పోవడం కష్టం. కిందటి వేసవిలో ఒకాయన ఆకురసం సీసా చేత్తో పట్టుకుని కాళ్లలో సత్తువ లేదంటూ వచ్చారు. పొటాషియం 6.8 ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేది.

మొక్కల మీద నాకు చిన్నచూపు లేదమ్మా. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని తర్వాత తెలిసింది. కానీ నోటితో వేసుకుంటే పేగుల్లోనే విరిగిపోయేది, విరేచనాలు పట్టుకునేవి. దాని నిర్మాణాన్ని మార్చుకుంటూ వెళ్లగా తయారైనవే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు. 2020లో వెలువడిన, 4,304 మంది కిడ్నీ రోగుల మీద డాపాగ్లిఫ్లోజిన్‌తో జరిగిన పరీక్షలో, కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, వీటన్నిటి ముప్పు కలిపి 39 శాతం తగ్గింది. అదే ఏడాది పేటెంట్ గడువు తీరాక మన దగ్గర ధరా దిగింది. చెట్టు నుంచి వచ్చి, మనుషుల్లో నెగ్గిన మందు ఇది. మీ నాన్నగారు వాడుతున్నారో లేదో చీటీ చూడండి. లేకపోతే ఎందుకు రాయలేదో డాక్టరుగారిని అడగండి, ఈజీఎఫ్ఆర్ 39 దగ్గర మొదలుపెట్టవచ్చు. మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరిగితే కంగారుపడి మానేయకండి. వాంతులు, విరేచనాలతో తిండి మానేసిన రోజుల్లో మాత్రం ఆపి, డాక్టరుకు ఫోన్ చేయాలి.

దీంతోపాటు బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్ లేదా లోసార్టాన్ ఉండాలి. బీపీ 130/80 లోపు రావాలి. ఉప్పు రోజుకు చెంచాకు మించొద్దు. ఆవకాయ, ఎండుచేపలూ అందులోకే లెక్క. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ మాత్రలు కొని వేసుకోవద్దు. బీచ్‌కి వెళ్లినప్పుడు కొబ్బరిబొండాం కూడా పొటాషియం రిపోర్టు చూశాకే.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పొడి పొట్లం, మందుల చీటీ, బయాప్సీ రిపోర్టు మూడూ సంచిలో పెట్టుకోండి. తిడతారేమోనని చాలామంది పొడి సంగతి దాస్తారు. దాచొద్దని నా మాటగా మీ నాన్నగారికి చెప్పండి.