పాత వేట రైఫిలు: ఫ్యాక్టరీ రూపమేనా, మార్పులు జరిగాయా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో స్థిరపడ్డాం, నాకు గ్రీన్‌కార్డు ఉంది. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ, ఇటీవల కాలం చేసిన తన భర్తగారి వేట రైఫిలును అమ్మదలచుకుని ముందుగా నన్ను అడిగారు. అది .30-06 తూటాకు తయారైన వించెస్టర్ మోడల్ 70. సీరియల్ నంబరు ఏడు లక్షల లోపే ఉంది. ఊళ్లోని ఆయుధ వ్యాపారి చూసి ‘పూర్తిగా ఒరిజినల్’ అని చెప్పి ఒక ధర సూచించారట. అయితే బారెల్ 22 అంగుళాలే ఉంది, కర్ర భాగం చివర భుజానికి ఆనే చోట రబ్బరు ప్యాడ్ ఉంది, లోహమంతా కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది. ఆ ధర పెట్టవచ్చా? ఆవిడకు అన్యాయం చేయడం కూడా నాకు ఇష్టం లేదు.

జవాబు: మీరు గమనించిన మూడు విషయాలూ సందేహించదగినవే. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ కర్మాగారంలో 1936లో మొదలైన ఈ మోడల్‌ను వించెస్టర్ సంస్థ 1964లో తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి బాగా మార్చింది. తూటాను గట్టిగా పట్టుకుని లాగే పొడవాటి పంజాలాంటి ఎక్స్‌ట్రాక్టర్‌ను తీసేసింది, కర్ర మీద చెక్కే గళ్ల నగిషీకి బదులు అచ్చుతో ఒత్తిన నగిషీ పెట్టింది, కొత్త రూపానికి సీరియల్ నంబర్లను 700,000 నుంచి ప్రారంభించింది. అందువల్ల మీరు చూసినది 1964కు ముందుదే అన్నంతవరకు వ్యాపారి మాటలో తప్పు లేదు. కానీ సీరియల్ నంబరు రిసీవర్ (బారెల్ బిగించే నడిమి ఉక్కు భాగం) వయసును మాత్రమే తెలుపుతుంది. బారెల్, తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే బోల్టు, కర్ర మొదటినుంచీ ఆ రిసీవర్‌తోనే ఉన్నాయా అన్నది అందులో తెలియదు. ఏ ఒక్క గుర్తునూ నమ్మి తీర్పు చెప్పకుండా, భాగాలన్నీ ఒకే కాలానికి చెందినవిగా కనిపిస్తున్నాయా అని పరిశీలించడమే సరైన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు బారెల్ పొడవు సంగతి తేల్చుకోండి. మ్యాగజైన్ (తూటాలు నింపే అర) ఖాళీ చేసి, చాంబర్‌లో (బారెల్ వెనక కొసన తూటా కూర్చునే గదిలో) తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకున్న తరువాత బోల్టు మూసి, శుభ్రం చేసే కడ్డీని మూతి నుంచి బోల్టు ముఖానికి తగిలేదాకా దించి, మూతి అంచు దగ్గర గుర్తు పెట్టి, కడ్డీని బయటికి తీసి కొలవాలి. బయటినుంచి రిసీవర్ అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే అసలు పొడవు కంటే తక్కువ వస్తుంది కాబట్టి, మీ 22 అంగుళాలు ఆ విధంగా వచ్చిన లెక్క అయితే మళ్లీ కొలవండి. అప్పుడు కూడా 22 అంగుళాలే వస్తే రెండే మార్గాలు మిగులుతాయి. ఆ కాలపు మామూలు .30-06 రైఫిలు బారెల్ 24 అంగుళాలు ఉండేది. 22 అంగుళాల బారెల్ 1952లో ప్రవేశపెట్టిన ఫెదర్‌వెయిట్ అనే తేలిక రకానికి ఉండేది. ఫెదర్‌వెయిట్ అవునో కాదో తేల్చడానికి చిన్న అయస్కాంతం చాలు. ఆ రకంలో ట్రిగ్గర్ గార్డూ, మ్యాగజైన్ అడుగు పలకా అల్యూమినియంతో చేసేవారు కనుక అయస్కాంతం అంటుకోదు. మామూలు రకంలో అవి ఉక్కువి. పైగా మామూలు రకం బారెల్ వెనక సైటు (గురి చూసే అమరిక) దగ్గర స్పష్టంగా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఫెదర్‌వెయిట్ బారెల్‌కు ఆ ఉబ్బు ఉండదు. మీ రైఫిలుకు ఉక్కు అడుగు పలకా, ఉబ్బు ఉన్న బారెల్, 22 అంగుళాల పొడవు మూడూ కలిసి కనిపిస్తే బారెల్‌ను ఎవరో రెండు అంగుళాలు కోయించారని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ‘ప్రత్యేకంగా ఆర్డరు ఇచ్చి చేయించినది’ అని ఎవరైనా అంటే, ఆనాటి కాగితం చూపనిదే ఆ మాటకు విలువ ఇవ్వకండి. కోసిన బారెల్‌కు మూతి అంచు చేతితో గుండ్రం చేసినట్లు కొద్దిగా ఒక పక్కకు ఉండవచ్చు. తొలి ఏళ్ల బారెళ్లలో ముందు సైటు కింది దిమ్మెను బారెల్ ఉక్కులోంచే మలిచేవారు కాబట్టి, అక్కడ అతుకు కనిపిస్తే అది మరో ఆధారం.

ఆ తరువాత కర్ర విప్పించి బారెల్ అడుగు భాగాన్ని చూడాలి. ఈ పని అనుభవమున్న గన్‌స్మిత్ చేతనే చేయించండి, ఎందుకంటే సరిపోని స్క్రూడ్రైవరుతో స్క్రూ తలల మీది గాడులు చెదిరిపోతే అదే ఒక కొత్త లోపమవుతుంది. రిసీవర్‌కు దగ్గరగా బారెల్ తయారైన సంవత్సరపు చివరి రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. ఆ సంవత్సరం సీరియల్ నంబరు సూచించే సంవత్సరానికి సమానంగానో, కొద్దిగా ముందుగానో ఉండటం సహజం; చాలా ఏళ్ల తరువాతిదైతే బారెల్ మార్చారని అర్థం. పైభాగాన బారెల్ మీదా రిసీవర్ మీదా కోడిగుడ్డు ఆకారపు గీత లోపల డబ్ల్యూ, పి అక్షరాలు కలిసిన ప్రూఫ్ ముద్ర (కాల్చి పరీక్షించారనే గుర్తు) ఉండాలి. బారెల్ మీద ఒంటరి పి మాత్రమే ఉంటే అది విడిగా అమ్మిన బారెల్. బోల్టు అడుగున విద్యుత్ కలంతో గీసిన నంబరు రిసీవర్ నంబరుతో సరిపోవాలి. ఈ చివరి పరీక్షను ఎంతో మంది కొనుగోలుదారులు మరచిపోతారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మార్చిన బోల్టు విలువను తగ్గించడమే కాక, తూటా వెనక ఉండాల్సిన ఖాళీ కొలత తప్పి ప్రమాదకరం కూడా కావచ్చు.

కర్ర విషయంలో ట్రిగ్గర్ నుంచి చివరి అంచు మధ్య దాకా కొలవండి. ఫ్యాక్టరీ కొలత సుమారు 13½ అంగుళాలు, చివర గళ్లు చెక్కిన ఉక్కు పలక ఉండేది. ప్యాడ్‌తో కలిపి కూడా అంతే వస్తే, ప్యాడ్ పట్టడానికి కర్రను కోశారన్నమాట. కోసిన కర్ర తిరిగి రాదు. కర్ర, లోహం కలిసే చోట వేలు ఆనించి చూడండి: ఫ్యాక్టరీ కర్ర లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, గరుకు కాగితంతో రుద్దినది లోహం కంటే పల్లంగా దిగిపోతుంది.

మెరుపు గురించి మీ అనుమానం సరైనదే. నల్లపూత మళ్లీ వేయడానికి ముందు లోహాన్ని యంత్రం మీద రుద్దుతారు. ఆ రాపిడికి బారెల్ మీది అక్షరాల అంచులు పలచబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గిన్నెలా చిన్న పల్లం ఏర్పడుతుంది, పదునైన మూలలు గుండ్రమవుతాయి. పన్నెండు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఈ గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. రిసీవర్ ఎడమ పక్కనున్న రెండు రంధ్రాలు ఫ్యాక్టరీవే. అయితే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన రిసీవర్లలో వెనక వంతెన (బోల్టు పైనుంచి అడ్డంగా సాగే వెనక భాగం) మీద స్కోప్ రంధ్రాలు ఉండేవి కావు కాబట్టి, పాత నంబరుతో అక్కడ రంధ్రాలు కనిపిస్తే అవి తరువాత వేసినవి.

వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియం పాత వించెస్టర్లకు కర్మాగార పుస్తకాల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తుంది గానీ మోడల్ 70కి ఆ సౌకర్యం లేదు. అందుకే ఈ భౌతిక పరీక్షలే మీకు ఆధారం.

బారెల్ కోసి, పూత మళ్లీ వేసి, కర్ర కోసి ఉంటే, అది సేకరించేవారి ధర పెట్టదగిన వస్తువు కాదు, వేటకు వాడుకునేవారి ధర పెట్టదగిన మంచి రైఫిలు. దాని యజమాని తన అవసరానికి నిజాయితీగా చేయించుకున్న మార్పులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాటిని దాచి అమ్మడమే తప్పు. మీరు కనుగొన్నవన్నీ ఆవిడకు వివరించి, మరో వ్యాపారి చేత రాతపూర్వకంగా ధర చెప్పించి, ఆ కాగితం ఇద్దరూ చూసి నిర్ణయించుకోండి. సీరియల్ నంబరు చెరిపినట్లు, దిద్దినట్లు అనిపిస్తే ఆ క్షణమే తప్పుకోండి. అటువంటి తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ నేరం. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న మన పాఠకులు కూడా ఒకటి గమనించాలి: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా అక్కడ వారు తుపాకీ కలిగి ఉండటమే చట్టవిరుద్ధం.

ప్రశ్న: మా తాతగారి లైసెన్సు రైఫిలు వారసత్వంగా మా నాన్నగారి పేరుకు మారింది. బారెల్ మీద లండన్ తుపాకుల సంస్థ రిగ్బీ పేరు, రిసీవర్ మీద మౌజర్ పేరు ఉన్నాయి. రెండు తుపాకుల భాగాలు కలిపి చేసినదా?

జవాబు: అలా భావించనక్కరలేదు. జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో మౌజర్ సంస్థ చేసిన యాక్షన్‌లను (రిసీవర్, బోల్టు కలిసిన యంత్ర భాగాన్ని) తెప్పించుకుని వాటిపై రైఫిళ్లు కట్టడం రిగ్బీకి ప్రసిద్ధమైన పద్ధతి; .275 రిగ్బీ అని పేరుబడ్డ తూటా కూడా మౌజర్ వారి 7×57 తూటాయే. బారెల్ మీద బ్రిటిష్ ప్రూఫ్ ముద్రలు ఉన్నాయా, బారెల్ మీది తూటా పేరు లైసెన్సులో రాసిన దానితో సరిపోతోందా అని చూసి, సీరియల్ నంబరును రిగ్బీ సంస్థకు పంపితే తమ పాత అమ్మకపు లెడ్జర్లలో వివరాలు వెతికి ఇస్తారు. ఈలోగా మెరుగు పెట్టించడం, బారెల్‌కు మార్పులు చేయించడం వద్దు. లైసెన్సు లేకుండా బారెల్ పొట్టి చేయడాన్ని భారతదేశపు 1959 ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్, పేరు, నంబరు వంటి గుర్తులను చెరపడాన్ని 8వ సెక్షన్ నిషేధిస్తున్నాయి.